సొంత పాట, పాతిక వేలు, రెండు పేజీల కాగితం: సంతకం పెట్టాలా?

ఏకతార (ఉప్పల్) · జూన్ 6, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరమ్‌లో చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

నాకు ముప్పై ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం, ఉద్యోగం మాదాపూర్‌లో. నా పాటల్లో సగం నాగోలు–రాయదుర్గం మెట్రోలోనే పుట్టాయి. పల్లవి తోచగానే తలుపు పక్కన నిలబడి ఫోన్‌లో కూనిరాగం తీసి దాచుకుంటాను. ఇంటికొచ్చాక గిటార్ మీద బాణీ సరిచేసుకుంటాను. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. రాసింది నేనే, బాణీ కట్టింది నేనే, పాడింది నేనే. నాలుగు యూట్యూబ్‌లో పెట్టాను. మూడింటిని స్నేహితులూ చుట్టాలూ విన్నారు. నాలుగోది మాత్రం మూడు నెలల్లో అరవై వేల వ్యూస్ దాటింది. అది మా నానమ్మ మీద రాసిన పాట. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ఆమె నాట్లు వేస్తూ పాడే పాటలోంచి రెండు పాదాలు పల్లవి చివర కలిపాను.

పోయిన వారం ఒక ఆడియో కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఆ పాటకు పాతిక వేలు ఇస్తారట. మంచి కెమెరాతో మళ్లీ వీడియో తీసి వాళ్ల ఛానల్‌లో వేస్తారట. రెండు పేజీల కాగితం పంపారు. అందులో సాహిత్యం, సంగీతం, గాత్రం, రికార్డింగు అన్నిటి మీదా సర్వహక్కులు శాశ్వతంగా, ప్రపంచమంతటా వాళ్లవే అని ఉంది. శుక్రవారం లోపు సంతకం పెట్టి పంపమన్నారు.

నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. "ఒక్క పాటకు పాతిక వేలా! నాకు ఒకప్పుడు మూడు నెలల జీతం. పెట్టేయ్ బిడ్డా" అంటున్నారు. ఆయన సంతోషం చూస్తే కాదనబుద్ధి కావడం లేదు. కానీ ఆ "శాశ్వతంగా" అన్న మాట దగ్గర నా చేయి ఆగిపోతోంది.

ఇంకొకటి కూడా అడుగుతాను. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేద్దామని ఏడాదిగా మనసు లాగుతోంది. మన హైదరాబాద్‌లో సొంత పాటల మీద బతుకుతున్నవాళ్లు ఉన్నారా? ఉంటే ఎలా బతుకుతున్నారు? దాచకుండా చెప్పండి.

కంజిర (కృష్ణానగర్) · జూన్ 6, రాత్రి 11:30

చెల్లీ, ముందు శుక్రవారం సంగతి మర్చిపో. పాట నీ దగ్గర ఉంది. వాళ్లకు నిజంగా కావాలంటే సోమవారం కూడా కావాలి.

నేను ఇరవై ఏళ్లుగా కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తున్నాను. 2009లో ఒక భక్తి ఆల్బమ్‌కు ఆరు బాణీలు కట్టిచ్చాను. మొత్తం ఎనిమిది వేలు. ఇంట్లో బాబు పుట్టిన నెల అది, డబ్బు అవసరం. కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. అందులో ఒక పాట ఇప్పటికీ శనివారం పొద్దున గుళ్ల మైకుల్లో వినిపిస్తుంది. మా బాబుకు ఇప్పుడు పదహారేళ్లు. "నాన్నా, ఇది నీ బాణీయే కదా" అంటాడు. అవును అంటాను. ఎక్కడా నా పేరు లేదు. డబ్బు పోయినందుకు పెద్దగా బాధ లేదమ్మా. పేరు లేకపోవడం మాత్రం ప్రతి శనివారం గుర్తొస్తుంది.

బోయిన్‌పల్లి_గొంతు · జూన్ 7, ఉదయం 7:15

నేను ఇంకోవైపు నుంచి చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

పన్నెండేళ్లుగా స్టేజీ మీద పాడుతున్నాను. పెళ్లిళ్లు, సంగీత్‌లు, కంపెనీ ఫంక్షన్లు. అందరూ సినిమా పాటలే అడుగుతారు. నాకూ సొంత పాటలు ఆరు ఉన్నాయి. ఒకదానికి స్టూడియో, మిక్సింగ్, వీడియో కలిపి డెబ్బై వేలు పెట్టాను. రెండేళ్లలో నలభై వేల మంది చూశారు, చేతికి వచ్చింది రెండు వేల లోపే. అక్కా, ఈ ఊళ్లో పాట పాడటం కష్టం కాదు, వినిపించుకోవడం కష్టం. పెద్ద ఛానల్‌లో పడితే పది మందికి తెలుస్తారు, ఆ తర్వాత ఇంకో పాట అడుగుతారు. నా దగ్గరికి ఎవరూ పాతిక వేలతో రాలేదు. వచ్చి ఉంటే పెట్టేసేవాణ్ణి.

నల్లకోటు (నాంపల్లి) · జూన్ 7, మధ్యాహ్నం 1:40

వకీలుగా నాకు తెలిసినంత చెప్తాను. మీ కాగితం చూడలేదు కాబట్టి సంతకానికి ముందు ఎవరికైనా చూపించుకోండి.

పాట అంటే మనం ఒకటే అనుకుంటాం. కాపీరైట్ చట్టం (1957) దాన్ని విడదీసి చూస్తుంది. రాత ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగు ఇంకొకటి. రాత, బాణీ మీవే. రికార్డింగు మాత్రం ఎవరు తయారు చేయిస్తే వాళ్లది. ఇప్పుడున్న రికార్డింగు మీరే చేసుకున్నారు, అదీ మీదే. రేపు కంపెనీ తన డబ్బుతో మళ్లీ రికార్డు చేస్తే ఆ కొత్త రికార్డింగు వాళ్లదవుతుంది. అంతవరకు న్యాయమే. దానితో పాటు రాత, బాణీ కూడా అడుగుతున్నారు చూడండి, గొడవంతా అక్కడే.

హక్కులు రాసివ్వాలంటే సంతకంతో లిఖితపూర్వకంగానే జరగాలి, నోటిమాట చెల్లదు. ఎంత కాలానికో రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. మీ కాగితంలో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అని పనిగట్టుకుని రాసింది అందుకే. హక్కులు తీసుకుని ఏడాది పాటు వాడకుండా పక్కన పడేస్తే అవి తిరిగి మీకే వస్తాయి, కాగితంలో వేరేగా రాసుకుని ఉంటే తప్ప. ఆ "తప్ప" మీ కాగితంలో ఉందేమో వెతకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది 2012 సవరణ. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో, అంటే పాట వాడినప్పుడల్లా వచ్చే డబ్బులో, హక్కులు తీసుకున్నవాళ్లతో సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నాను అని మీరు సంతకం పెట్టినా చెల్లదు. వారసులకు ఇవ్వవచ్చు, వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి ఇవ్వవచ్చు, అంతే. ప్రైవేట్ పాటలకూ ఇది వర్తిస్తుంది. ఆ సొసైటీ పేరు ఐపీఆర్‌ఎస్, 1969 నుంచి ఉంది. సభ్యత్వం తీసుకుని మీ పాటలన్నీ అందులో నమోదు చేయించుకోండి. నమోదు చేయని పాటకు ఎక్కడో డబ్బు వచ్చినా మీదాకా చేరే దారి ఉండదు.

కంజిర గారూ, రచయితగా పేరు వేయమని అడిగే హక్కు హక్కులన్నీ అమ్మేశాక కూడా పోదు. సెక్షన్ 57. మీ పాత కాగితం ఉంటే ఒకసారి తీసుకురండి, మాట్లాడదాం.

కంజిర · జూన్ 7, మధ్యాహ్నం 2:05

కాగితం ఉంది సర్. బీరువాలో ఉంది. పదహారేళ్లలో ఎవరూ ఈ మాట చెప్పలేదు.

గోల్కొండ_గాలి · జూన్ 7, సాయంత్రం 6:20

ఇండిపెండెంట్ ఆర్టిస్ట్ అనే పేరు కొత్తది కానీ పని మనకు కొత్త కాదు. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడేవాణ్ణి వాగ్గేయకారుడు అన్నాం. మన గోల్కొండ కోటలోనే ఒకాయన ఖైదీగా ఉండి పాటలు కట్టాడు. రామదాసు తన దేవుడికే ఖర్చుల లెక్క అప్పజెప్పాడు, ఏ నగ ఎంతకు చేయించాడో పాటలోనే చెప్పాడు. డబ్బు మాట ఎత్తితే కళ చిన్నబోతుందనేవాళ్లకు నేను ఆయన్నే చూపిస్తాను.

క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాల అని ముద్ర ఉంటుంది. ఎవరి నోటిలో పడినా పాట ఎవరిదో తెలిసిపోతుంది. ఆ రోజుల కాపీరైట్ అదే. అన్నమయ్య సంగతి ఇంకా ఆలోచించాల్సినది. 1503లో ఆయన పోయాక కూడా పాటలు మిగిలాయంటే కొడుకు రాగి రేకుల మీద చెక్కించడం వల్లే. ఆ రేకుల మీద రాగం పేరుంది కానీ బాణీ లేదు. ఈరోజు మనం వినేవి చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి వాళ్లు మళ్లీ కట్టినవి. అన్నమయ్య గొంతులో ఆ పాట ఎలా నడిచిందో ఇక ఎవరికీ తెలియదు.

ఏకతార గారూ, మీ పదకొండు పాటలూ రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయా? ఫోన్‌లో తీసిన కూనిరాగాలతో సహా? లేకపోతే ఈ రాత్రే ఆ పని చేయండి.

మన కాలానికి వస్తే గద్దర్ ఉన్నారు, గోరటి వెంకన్న ఉన్నారు. వెనకాల కంపెనీ ఉందా, ఛానల్ ఉందా? 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు నేను ఎల్‌బీ స్టేడియం దగ్గర క్యూలో నిలబడ్డాను. నా ముందున్న ముసలామె, వెనకున్న కాలేజీ పిల్లవాడు ఒకే పాట అందుకున్నారు. వెంకన్న గారికి 2021 సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పాడుకునే కవిత్వానికి వచ్చిన అవార్డు అది.

బోయిన్‌పల్లి_గొంతు · జూన్ 7, రాత్రి 9:10

వాళ్లది ఉద్యమం అన్నా. వాళ్ల వెనక జనం ఉన్నారు. మా వెనక ఈఎంఐలు ఉన్నాయి.

గోల్కొండ_గాలి · జూన్ 7, రాత్రి 9:32

ఒప్పుకుంటాను తమ్ముడూ. మీ కాలం వాళ్లనే చెప్పనా? రాహుల్ సిప్లిగంజ్ పాతబస్తీ కుర్రాడు. సొంత పాటలు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టుకుంటూ వచ్చాడు, 2023లో ఆస్కార్ వేదిక మీద పాడాడు. రామ్ మిరియాల చౌరస్తా బ్యాండ్‌తో సొంత పాటలు పాడి, ఆ గొంతుతోనే సినిమాల్లోకి వెళ్లాడు. రామ్‌ను సినిమా వెతుక్కుంటూ వచ్చింది ఆ సొంత పాటల వల్లే.

రెండో_చరణం (తార్నాక) · జూన్ 8, ఉదయం 11:00

ఉద్యోగం మానడం గురించి నేను చెప్పాలి, ఎందుకంటే మానేశాను. నాలుగేళ్లయింది.

నా నెల ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్తాను. అద్దె కట్టేది నా పాటలు కాదు, పాఠాలు. వారానికి పద్నాలుగు మంది పిల్లలు గిటార్, గాత్రం నేర్చుకోవడానికి వస్తారు. నా సంపాదనలో మూడింట రెండు వంతులు అదే. అప్పుడప్పుడు ప్రకటనల జింగిల్స్, డబ్బింగ్‌లో కోరస్. ఆ పైన నెలకు రెండు మూడు ప్రోగ్రాములు. స్ట్రీమింగ్ నుంచి వచ్చేది కరెంటు బిల్లుకు సరిపోతే మంచి నెల అన్నట్టు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట గత 12 నెలల్లో 1,000 సార్లు వినపడితేనే దానికి డబ్బు లెక్కిస్తున్నారు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. మీ నానమ్మ పాటకు అరవై వేల వ్యూస్ ఉన్నా ఛానల్ ఈ గీత దాటిందో లేదో చూసుకోండి. పాటలు అన్ని యాప్‌లలో వేసే డిస్ట్రిబ్యూటర్లలో కొందరు ఏడాది చందా తీసుకుంటారు. చందా ఆపితే పాటలు దిగిపోతాయి. ఒక ఏడాది నేను జ్వరంతో పడుకుని కట్టడం మర్చిపోయాను. తిరిగి ఎక్కించేసరికి ఒక పాట ప్లేలిస్టుల్లోంచి పోయింది.

ప్రోగ్రాముల గురించి. పబ్బుల్లో సొంత పాట మొదలుపెట్టగానే టేబుల్ మీంచి సినిమా పాట చీటీ వస్తుంది. కోపం తెచ్చుకోకండి, వాళ్లు సాయంత్రం గడపడానికి వచ్చారు. నేను ఐదు తెలిసిన పాటల మధ్య ఒకటి నాది పెడతాను. లామకాన్ అనే సాంస్కృతిక వేదికకు మాత్రం వెళ్లి తీరాలి. బంజారాహిల్స్‌లో 2010 నుంచి ఉంది. చాయ్ కప్పు పట్టుకుని రాతి గోడ పక్కన కూర్చున్నవాళ్లు మాట ఆపేసి వింటారు. నా పాటలో రెండో చరణం బలహీనంగా ఉందని నాకు అక్కడే తెలిసింది. సరిగ్గా ఆ చోట ఇద్దరు ఫోన్ తీశారు. ఇంటికెళ్లి మళ్లీ రాశాను. ఇక్కడి నా పేరు అప్పుడు పెట్టుకున్నదే.

సగం అడ్వాన్స్ చేతికి రాకుండా ఏ ప్రోగ్రామ్‌కూ వెళ్లకండి. ఒక చోట పాడించుకుని "వచ్చే వారం వేస్తాం" అన్నారు, పదకొండు నెలలు తిరిగాను. రాత్రి పూట తిరుగు ప్రయాణం క్యాబ్ ఖర్చు విడిగా అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. రాయల్టీలో, ఫీజులో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి. మాలో చాలామంది ఆ డబ్బు వదిలేస్తున్నారు.

ఉద్యోగం మానమని చెప్పను, మానొద్దనీ చెప్పను. మానేముందు ఎనిమిది నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి, పాట కాకుండా నెలనెలా వచ్చే ఒక ఆదాయం ఉండాలి. నేను ఈ రెండూ లేకుండా మానాను. మొదటి ఏడాది ఒక్క పాట కూడా రాయలేకపోయాను, అద్దె గురించిన టెన్షన్ తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. మెట్రోలో పాటలు పుడుతున్నాయి అన్నారు చూడండి, అది చదివి ఆ ఏడాది గుర్తొచ్చింది.

ఏకతార · జూన్ 8, రాత్రి 10:15

అందరికీ దండాలు. హార్డ్ డిస్క్ నిన్న కోఠిలో కొన్నాను, అన్నీ ఎక్కించాను.

నల్లకోటు గారూ, కాగితం మళ్లీ చదివాను. మీరు చెప్పిన ఆ "తప్ప" ఉంది. ఏడాది వాడకపోయినా హక్కులు వాళ్లవేనట.

ఇంకో సందేహం. నానమ్మ పాడిన ఆ రెండు పాదాలు నావి కావు. నానమ్మవి కూడా కాకపోవచ్చు, ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. నేను సంతకం పెడితే అవి కూడా కంపెనీవి అయిపోతాయా? రేపు మా ఊళ్లో ఎవరైనా ఆ పాట పాడి ఫోన్‌లో పెడితే వాళ్ల వీడియో తీసేయిస్తారా? ఇది తలచుకున్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

నల్లకోటు · జూన్ 9, ఉదయం 8:30

తరతరాలుగా వస్తున్న పాట ఎవరి సొత్తూ కాదు. మీరు దాని చుట్టూ రాసినదే మీది. అది కంపెనీకి ఇచ్చినా, మీది కానిది మీరు ఇవ్వలేరు. చట్టం వరకు అంతే. కానీ యూట్యూబ్‌లో గుర్తించేది మెషీన్. కంపెనీ మొత్తం పాటను తమదిగా నమోదు చేస్తే మీ ఊరి వీడియో మీద "ఇది మా పాట" అని కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. కాదని తేల్చుకోవడానికి ఊళ్లో పాడినవాళ్లకు ఓపిక ఉండాలి. అందుకే కాగితంలోనే రాయించండి: ఫలానా రెండు పాదాలు సంప్రదాయ గేయం, వాటిపై ఎవరికీ హక్కు లేదు అని. మీ యూట్యూబ్ వివరణలో కూడా రచన దగ్గర మీ పేరు ఒక్కటే ఉంటే ఈరోజే మార్చండి.

మూగ_మైకు (యూసుఫ్‌గూడ) · జూన్ 9, ఉదయం 9:45

ఆ పాట ఇప్పుడే హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. గొంతు బాగుంది, గది బాగోలేదు. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వినిపిస్తోంది. ఖరీదైన ఫోమ్ కొనకండి. రెండు పాత బొంతలు వెనక వేలాడదీసి, బట్టల బీరువా తలుపు తెరిచి దాని వైపు తిరిగి పాడండి. కుక్కర్లు, హారన్లు ఆగే రాత్రి రెండింటికి రికార్డు చేయండి. నాణ్యత తగ్గని ఇరవై నాలుగు బిట్ వేవ్ ఫైల్స్‌గా దాచండి, ఎంపీత్రీ మాత్రమే ఉంచుకోవద్దు. మాస్టరింగ్‌లో, అంటే చివరి మెరుగులో, గట్టిగా వినపడాలని మరీ నొక్కించవద్దు. స్పాటిఫై ఎలాగూ శబ్దాన్ని మైనస్ 14 LUFS (గట్టిదనం కొలత) దగ్గరకు దించేస్తుంది, నొక్కిన పాటలో ప్రాణం పోవడమే మిగులుతుంది.

కంపెనీకి పాట ఇచ్చినా ఇవ్వకపోయినా గొంతు, గిటార్ వేర్వేరుగా ఉన్న విడి ట్రాకులు మీ దగ్గరే ఉండాలి.

బోయిన్‌పల్లి_గొంతు · జూన్ 9, రాత్రి 11:20

నిన్నటి నుంచి ఇదంతా చదువుతున్నాను. నేను పెట్టేయమన్నాను. ఊళ్లో వాళ్ల వీడియో సంగతి నాకు తట్టలేదు. మా అమ్మ కూడా బతుకమ్మకు పాడుతుంది. అక్కా, డబ్బు అవసరం లేని నెలైతే ఆగండి. నా ఆరు పాటలూ ఎక్కడా నమోదు చేయలేదు, ఈ వారం చేస్తాను.

ఏకతార · జూన్ 29, రాత్రి 9:40

చెప్పకుండా పోయానని అనుకోవద్దు. జరిగింది ఇదీ.

కంపెనీకి మూడు మార్పులు అడుగుతూ మెయిల్ పెట్టాను. వాళ్లు చేసే రికార్డింగుకు మాత్రమే ఐదేళ్ల హక్కు, రాత బాణీ నావే, ఆ రెండు పాదాలు సంప్రదాయ గేయం. పన్నెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి "అందరూ ఇదే కాగితం మీద పెడుతున్నారు, మీ ఒక్కరికి మార్చలేం" అన్నారు. మర్యాదగానే మాట్లాడారు. పాతిక వేలు రాలేదు. నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

ఉద్యోగం మానలేదు. ఎనిమిది నెలల లెక్క వేసుకున్నాను. నాకు ఇంకో ఏడాదిన్నర పడుతుంది.

పోయిన శనివారం ఓపెన్ మైక్‌లో రెండు పాటలు పాడాను. నాన్నను బలవంతంగా తీసుకెళ్లాను. నానమ్మ పాట అయ్యాక ఎవరో పెద్దాయన నాన్న దగ్గరికి వచ్చి మీది ఏ ఊరని అడిగారట. తిరిగొస్తూ మెట్రోలో నాన్న అన్నారు: "నువ్వు నారుమడి అని పాడుతున్నావ్, అది నారుకట్ట. నాటే చోట నారుమడి ఎక్కడుంటది? అమ్మ చేతిల ఉండేది కట్ట." ఇంటికొచ్చి ఆ పాట మొత్తం పాడారు. నాకు తెలిసింది రెండు పాదాలే, ఆయనకు మూడు చరణాలు వచ్చు. నేను పుట్టాక ఆయన పాడగా వినడం ఇదే.

ఫోన్‌లో రికార్డు చేశాను. మూగ_మైకు గారూ, వెనకాల సీలింగ్ ఫ్యాన్ శబ్దం బాగా వస్తోంది, మూడో చరణం దగ్గర గొంతు కూడా వణికింది. ఆ శబ్దం తీసేయడానికి దారి ఉందా?

మూగ_మైకు · జూన్ 29, రాత్రి 10:05

కొంత తీయొచ్చు కానీ గొంతు కూడా అరిగిపోతుంది. రేపు పొద్దున్నే ఫ్యాన్ ఆపి, బొంతలు కట్టి, ఆయన్ని కూర్చోబెట్టి మళ్లీ పాడించండి. ముందు మంచినీళ్లు ఇవ్వండి. ఈ రాత్రి తీసింది చెరపకండి, అది కూడా ఆ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి.